యామ్నా పాడిన పాదాల పాట

సముద్రపొడ్డునున్న ఆస్ఫీ ఊళ్ళో యామ్నా పేరు తెలియని ఇల్లు లేదు. అయినా ఆమెను పెళ్ళికి పిలిచిన వాళ్ళలో సగంమంది, పెళ్ళి అయిపోయాక బజార్లో ఎదురుపడితే చూపు తిప్పుకునేవాళ్ళు. పెళ్ళిపాటల ఆడవాళ్ళు, షేఖాల బతుకు అంతే. పెళ్ళింట్లో ఆడి పాడేటప్పుడు నెత్తిన పెట్టుకుంటారు, తెల్లవారితే గడప దాటనివ్వరు. యామ్నా దానికి పెద్దగా బాధపడేది కాదు. "నా గొంతు వాళ్ళింట్లో మూలమూలలా తిరిగొచ్చింది కదా, ఇంకా నేనెందుకు వెళ్ళాలి?" అనేది.

ఆ గొంతు ఆమెకు చేపల ఫ్యాక్టరీలో అబ్బింది. తల్లి సార్డీను చేపలకు తలలు కోసి డబ్బాల్లో పేర్చే పని చేసేది. పడవలు వచ్చినప్పుడల్లా ఫ్యాక్టరీ కూత వేస్తే, ఉన్నది ఉన్నట్టు వదిలేసి ఆడవాళ్ళంతా వాలు దిగి పరుగెత్తాలి. యామ్నా తల్లి కొంగు పట్టుకుని ఆ వెంటే పరుగెత్తేది. లోపల యంత్రాల మోతకు పక్కన నిలబడ్డవాళ్ళ మాట కూడా వినబడదు. అయినా ఆ ఆడవాళ్ళు పాడుకునేవాళ్ళు. యంత్రం మీదుగా గొంతు ఎగరేసి, అవతలి బల్ల దగ్గరున్న మనిషికి చరణం అందించాలి. ఆ విద్యలో ఆరితేరినవాళ్ళకు పెళ్ళిళ్ళలో మైకు అక్కర్లేదు. పదహారో ఏట యామ్నా ఒక షేఖాల మేళంలో చేరింది. అన్నలు ఇంటి తలుపు వేసేశారు. తల్లి మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కలుసుకుని, "పాడితే పాడావు గానీ, చలిలో గొంతు కప్పుకోవే" అని చెప్పి పంపేది.

మేళంలో ఫిడేలు వాయించేవాడు కబ్బూర్. సన్నగా, పొడుగ్గా, మీసం మీద ఈగ వాలినా ఓర్చుకోలేని మనిషి. అతనికి రెండే గర్వాలు. ఒకటి ఫిడేలు. రెండోది బూట్లు. ఎంత బురదలో నడిచి వచ్చినా పెళ్ళివారి గుమ్మం ముందు ఆగి, జేబులోంచి గుడ్డ తీసి, అద్దంలా తుడుచుకుని గానీ లోపలికి వెళ్ళేవాడు కాదు. "ఫిడేలు వినేవాళ్ళు ముందు బూట్లే చూస్తారు. నేను కూర్చుంటాను కదా, వాళ్ళ కళ్ళకి అవే కనిపిస్తాయి" అనేవాడు.

మేళం పెద్ద షేఖా ఒక పెళ్ళిలో జలుబుతో గొంతు పోయి చతికిలబడితే, చిన్నదైన యామ్నా ముందుకు వచ్చి పాట ఎత్తుకుంది. ఆమె శ్రుతి ఎటు పోతే కబ్బూర్ ఫిడేలు అటు పోయింది. ఆమె ఊపిరి తీసుకున్నచోట అతను ఊపిరి తీసుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళి మాట అతనే ఎత్తాడు.

"నేను పాట మానను," అంది యామ్నా.

"మానితే ఎవరి పక్కన వాయించను?" అన్నాడు కబ్బూర్.

కుమ్మరుల గుట్ట కింద రెండు గదుల ఇల్లు. పిల్లలు కలగలేదు. కొన్నాళ్ళు దిగులుపడ్డారు, కొన్నాళ్ళు మొక్కులు మొక్కారు, ఆ తర్వాత దాని సంగతి మాట్లాడుకోవడం మానేశారు. ఎండాకాలమంతా పెళ్ళిళ్ళు, చలికాలమంతా పోట్లాటలూ నవ్వులూ. పక్క సందులో కబ్బూర్ అక్క హద్దా ఉండేది. ఆమె రోజూ వచ్చేది, రోజూ ఏదో ఒకటి అనేది. "ఇంటికి కోడలొస్తుందనుకుంటే మేళం వచ్చింది" అన్నది హద్దా మొదటి మాట. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాటకు ఆమె మెరుగులు పెడుతూనే ఉంది.

కబ్బూర్ ఒంట్లో చక్కెర ఉందని డాక్టరు చెప్పి చాలా ఏళ్ళే అయింది. అది విని అతను నవ్వాడు. "ఫిడేలు తియ్యగా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. టీలోకి చక్కెర దిమ్మ పగలగొట్టేటప్పుడు పెద్ద ముక్క తన గ్లాసులోకే రావాలి. పెళ్ళిళ్ళలో బాదం మిఠాయి పళ్ళెం పాటగాళ్ళ దగ్గర ఆగినప్పుడు యామ్నా గుడ్లురిమి చూస్తే, అటు తిరిగి నోట్లో వేసుకునేవాడు. మాత్రలు గుర్తొస్తే మింగేవాడు. ఎక్కడా నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బు అంటే ఎవరు నమ్ముతారు?

ఆ ఏడు ఊరి బయట ఒక పెద్ద పెళ్ళి. కబ్బూర్ కొత్త బూట్లు వేసుకుని వెళ్ళాడు. ఎప్పట్లాగే, వాళ్ళ మేళాల పద్ధతిలో ఎడమ తొడ మీద ఫిడేలు నిలబెట్టి, ఎడమ పాదం నేలకు తడుతూ, జనం చాలని మొత్తుకునేదాకా వాయించాడు. ఇంటికొచ్చి బూటు విప్పితే మేజోడు తడిసి ఎర్రగా ఉంది. మడమ దగ్గర మేకు ఒకటి లోపలికి పొడుచుకొచ్చింది. అంతసేపూ ఆ మేకు మీదే తాళం వేశాడన్నమాట.

"నొప్పెట్టలేదా నీకు?" అంది యామ్నా, ఆ మేకును వేలితో తడిమి.

"చీమ కుట్టినట్టు కూడా లేదే," అన్నాడు కబ్బూర్. పైగా మురిసిపోయాడు. "చూశావా, వాయింపులో పడితే ఒళ్ళు తెలియదు నాకు."

పుండు మీద గుడ్డ చుట్టుకుని మరో రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చాడు. యామ్నా అడిగితే మానిపోయిందనేవాడు, చూపించమంటే కసిరేవాడు. ఇంట్లో వాసన వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో ఎడమ కాలు మోకాలి కింద దాకా తీసేశారు.

ఇంటికి తీసుకొచ్చాక అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తినేవాడు, లెమ్మంటే లేచేవాడు, మాట మాత్రం లేదు. ఫిడేలుకు సంచి తొడిగి మేకుకు తగిలించమన్నాడు. తగిలించింది. కుడికాలి బూటును ఏం చెయ్యాలో తెలియక యామ్నా చాలాసేపు చేతుల్లో పట్టుకుని నిలబడి, చివరికి మంచం కిందికి తోసింది.

ఆరోగ్య కేంద్రం నుంచి మాతీ అనే నర్సు వచ్చి కట్లు మార్చేవాడు. తలుపులో పట్టనంత భారీ మనిషి, చేతులు మాత్రం దూది. మొదటి వారమే యామ్నాను వాకిట్లోకి పిలిచాడు.

"పిన్నీ, పోయినదాని గురించి ఏడవడం తర్వాత. ఇంకో కాలు ఉంది. దాన్ని కాపాడుకోవాలి."

"ఏం చెయ్యాలి నాయనా?"

"పెద్ద విద్యేం కాదు. రోజూ గోరువెచ్చని నీళ్ళతో కడుగు. వేడి నీళ్ళు పొయ్యకు, ఆయనకి తెలీదు, కాలిపోతుంది. ముందు నీ మోచెయ్యి ముంచి చూడు. వేళ్ళ మధ్య తడి లేకుండా తుడువు. అరికాలు వెలుతురులో పెట్టి చూడు. ఎర్రగా, నల్లగా, పొక్కులా, ఏది కనబడినా నా దగ్గరికి రా. ఆయనకి నొప్పి లేదంటే అస్సలు నమ్మొద్దు."

చెప్పినంత తేలిక కాలేదు. సాయంత్రం యామ్నా పళ్ళెంలో నీళ్ళు తెచ్చి మంచం దగ్గర కూర్చుంటే, కబ్బూర్ ఉన్న ఒక్క కాలినీ దుప్పట్లోకి లాక్కునేవాడు.

"ఏమయ్యా, పాదం ఇటివ్వు."

"అవసరం లేదు."

"మాతీ చెప్పాడు."

"మాతీ కాలు కడుక్కో, పో."

బతిమాలింది, తిట్టింది. పళ్ళెం విసురుగా పెట్టి నీళ్ళు ఒలకబోసింది. మూడో రోజో నాలుగో రోజో విసుగెత్తి, కోపంతో కాదు గానీ మరో దారి తోచక, పెళ్ళిళ్ళలో కొత్త పెళ్ళికూతురి తరఫున పెళ్ళికొడుకును ఆటపట్టించే వరసలో రాగం తీసింది. గిన్నె అంచు మీద వేళ్ళతో తాళం వేస్తూ, మొహం చిలిపిగా పెట్టి:

*చూపరా నీ పాదం, చూపరా నా రేడా,
కళ్ళు చూసి మురిసింది చాలు, కాలు చూడనీరా.*

దుప్పటి కదల్లేదు. యామ్నా ఆపలేదు.

*గోరువెచ్చని నీళ్ళు తెచ్చా, ముసుగు తియ్యరా,
వేలికీ వేలికీ నడుమ తుడిచి, వెలుగులో చూడనీరా.*

దుప్పట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. ఏడుస్తున్నాడేమోనని యామ్నా భయపడి ఆగిపోయింది. కాదు, నవ్వుతున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి నవ్వు.

"సిగ్గులేనిదానా," అన్నాడు కబ్బూర్, గోడవైపే తిరిగి. "పెళ్ళికొడుకు మీద పాడినట్టు పాడుతున్నావేమే?"

"పెళ్ళికొడుకు కాలు చూపిస్తే ఆపేస్తా."

పాదం దుప్పట్లోంచి బయటికి వచ్చింది. ముందు వేళ్ళు, తర్వాత మడమ. ఆ పాదాన్ని యామ్నా అంతకుముందెప్పుడూ తీరిగ్గా చూసి ఎరగదు. ఎప్పుడూ బూటులోనే ఉండేది కదా. పాపం, చాలా తెల్లగా, అలిసిపోయినట్టుగా ఉంది. ఒడిలో పెట్టుకుని కడిగింది.

అప్పట్నుంచి అదే ఆనవాయితీ. పాట లేకపోతే పాదం రాదు. రోజూ పాడినదే పాడితే అతను గొణిగేవాడు, అందుకని చరణాలు పెరిగాయి. అతను నొప్పి లేదని మొండికేసిన రోజు ఒకటి పుట్టింది.

*నొప్పి లేదని నవ్వకురా, నొప్పి లేని పుండే దొంగ,
చప్పుడు చెయ్యక ఇల్లు దూరి, నడక దోచుకు పోతుంది.*

ఈ చరణం పాడినప్పుడు కబ్బూర్ నవ్వలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. "అక్కడ శ్రుతి కొంచెం దించు," అన్నాడు కాసేపటికి. "దొంగ అనేచోట. దొంగ నెమ్మదిగా వస్తాడు."

ఒక సాయంత్రం మాతీ కట్టు మార్చడానికి వచ్చి, పాట వినబడితే వాకిట్లోనే ఆగిపోయాడు. లోపలికి వచ్చేసరికి అంత పెద్ద మనిషి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పిన్నీ, మా గోడ మీద బొమ్మలేసి కాయితాలు అతికించాం, ఒక్కడూ చూడడు. మీటింగు పెట్టి చెబితే ఆవలిస్తారు. ఈ పాట నాకివ్వు."

ఊళ్ళో చక్కెర రోగులకోసం కొందరు బడిపంతుళ్ళూ, మందుల షాపాయనా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పాటను క్యాసెట్టుగా తెద్దామని వాళ్ళంతా ముందుకొచ్చారు. చేపల మార్కెట్ వెనక జిలాలీ అని క్యాసెట్లు అమ్మేవాడు, కొట్టు వెనక గదిలో పాటలు రికార్డు చేసేవాడు కూడా. అతను విని తల ఊపాడు. "మేళం అక్కర్లేదు. నా కీబోర్డులో డప్పుంది, ఫిడేలుంది, అన్నీ ఉన్నాయి. నువ్వొచ్చి పాడి వెళ్ళిపో."

ఈ సంగతి హద్దా చెవిన పడింది. సుడిగాలిలా వచ్చింది.

"మా తమ్ముడి తెగిన కాలిని బజార్లో పెట్టి పాడతావటే? ఊరంతా పళ్ళికిలించాలా? రేపు పిల్లలు వెనకబడి కుంటి ఫిడేలు, కుంటి ఫిడేలని పాడతారు. అప్పుడు చూస్తా నీ మొహం!"

"వదినా, ఆయన పేరు పాటలో లేదు."

"పేరెందుకే? ఊళ్ళో ఒంటికాలి ఫిడేలు వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?"

 హద్దా వెళ్ళిపోయాక యామ్నా మంచం దగ్గరికి వచ్చింది. "విన్నావుగా. నువ్వు వద్దంటే పాడను. ఒట్టు. ఈ ఇంట్లో పాటగానే ఉంటుంది."

 ఆ రోజు గడిచింది. మర్నాడు కూడా గడిచింది. శుక్రవారం వండే గోధుమరవ్వ కుస్కుస్ తిని చేతులు తుడుచుకుంటూ, కబ్బూర్ ఉన్నట్టుండి అడిగాడు.

"ఫిడేలు ఎవరు వాయిస్తున్నారు?"

"ఎవరూ లేరు. జిలాలీ మిషన్లో ఉందట."

"మిషనా?"

"మీటలు నొక్కితే వస్తుందట."

"ఆ పాటకి మిషన్ ఫిడేలా!" కబ్బూర్ మొహం ఎర్రబడింది. "దొంగ నెమ్మదిగా రావాలని వాడి మిషన్‌కి ఎవడు చెబుతాడే? తియ్యి దాన్ని. తియ్యి ఆ సంచి!"

యామ్నా ఒక్క ఉదుటున లేచి ఫిడేలు దించింది. అతను తీగలు బిగించి, గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమ తొడ మీద దాన్ని నిలబెట్టాడు. రెండు సార్లు విల్లు లాగాడో లేదో, ఫిడేలు పక్కకి జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. కింద నేలను తన్నిపట్టే పాదం లేకపోతే తొడ నిలవదు. కుడి తొడ మీదికి మార్చాడు, చేతులు ఆ వాటానికి రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఒకే చోట నిలబడ్డ ఫిడేలు అది. మూడోసారి జారినప్పుడు విల్లును దూరంగా విసిరేశాడు.

"పట్టుకెళ్ళి మూల పడెయ్. పాడు ఆ మిషన్‌తోనే పాడు."

యామ్నా విల్లు తీసుకొచ్చింది. అతని ఎడమ పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. తెగిన కాలు ఉన్నచోటికి తన కుడి మోకాలు జరిపింది.

"ఇక్కడ పెట్టు."

"నీ మోకాలి మీదా?"

"ఆ."

"చూస్తే నవ్వుతారే."

"ఎవరు చూస్తారు? మనిద్దరమే ఉన్నాం కదా."

ఫిడేలు ఆమె మోకాలి మీద నిలబడింది. అతను విల్లు లాగాడు. చెక్కలోంచి స్వరం మోకాలి ఎముకలోకి దిగి యామ్నా వీపుదాకా పాకింది. ఇన్నేళ్ళు పక్కనే పాడింది గానీ ఆ స్వరం అతనికి ఒంట్లో ఎలా తగులుతుందో ఆమెకు తెలియదు. పాట ఎత్తుకుంది. రెండో పంక్తికే కబ్బూర్ అరిచాడు.

"కాలు ఆడించకే! ఫిడేలు ఎగురుతోంది."

"ఆడించకుండా ఎలా పాడనయ్యా, పుట్టినప్పట్నుంచీ కాలితోనే కదా తాళం!"

"నాకు కాలే లేదు, నేను వాయించట్లేదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఫిడేలు పక్కన పెట్టి కడుపు పట్టుకునేదాకా నవ్వారు. ఆ నవ్వులోనే యామ్నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆపరేషన్ రోజున ఏడవలేదు ఆమె. కబ్బూర్ తన మొరటు అరచేత్తో ఆమె చెంపలు తుడిచి, "మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు.

కాలు కదపకుండా పాడాలంటే వేగం తగ్గించాలి. అలా తగ్గేసరికి పెళ్ళిళ్ళలో గంతులేయించే వరస కాస్తా జోలపాటలా మారింది. జిలాలీ గదిలో మైకు ముందు ఇద్దరూ ఒక బల్ల మీద ఒరుసుకుని కూర్చుంటే, ఒక మోకాలి మీద ఫిడేలు, ఒక గొంతు, పక్కన మాతీ కొడుతున్న చిన్న మట్టి డప్పు. జిలాలీ తల గోక్కున్నాడు.

"కబ్బూర్ అన్నా, బాగానే ఉంది గానీ ఇంత మెల్లగా ఉంటే ఎవడు ఎగురుతాడు?"

"ఎగరగలిగినవాళ్ళకి కాదురా ఇది," అన్నాడు కబ్బూర్. "నువ్వు మీట నొక్కు."

క్యాసెట్టు వచ్చిన కొత్తలో ఊరు దాన్ని జబ్బు పాట అనుకోలేదు. ముసలి షేఖా మొగుడితో సరసమాడుతోందనుకున్నారు. టాక్సీ వాళ్ళు పెట్టుకుని ఇకిలించేవాళ్ళు. చేపల వేలంలో ఒకణ్ణొకడు "చూపరా నీ పాదం!" అని వెక్కిరించుకునేవాళ్ళు. కాఫీ కొట్లో చదరంగం ఆడే ముసలాళ్ళ బల్లల కింద కుర్రాళ్ళు వంగి చూసి పరుగెత్తేవాళ్ళు. ఒక పెద్దమనిషి యామ్నాను దారిలో ఆపి, "వయసొచ్చాక కూడా ఈ చిలిపి పాటలేంటమ్మా?" అని మందలించాడు. యామ్నా తల వంచుకుని, "సరే గానీ పెద్దాయనా, మీ కాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగింది. ఆయన తెల్లబోయి కిందికి చూసుకున్నాడట.

నవ్వులతోపాటే పాట ఇళ్ళలోకి దూరింది. రేడియోలో కూడా వేశారు. ఆడవాళ్ళు నోటికి పట్టుకున్నారు. మొగుడు పనినుంచి వచ్చి మెట్టు మీద కూర్చోగానే లోపలినుంచి పాట మొదలయ్యేది. వద్దని కసిరినవాడు కూడా ఆ వరసకు నవ్వకుండా ఉండలేడు, నవ్వినవాడు బూటు విప్పక తప్పదు. ఆరోగ్య కేంద్రంలో మాతీ గది ముందు బూట్లు చేతపట్టుకున్న మగవాళ్ళు బారులు తీరారు. "మా ఆవిడ పాడి పాడి చంపుతోంది, ఓసారి చూసి బాగుందని రాసివ్వు నాయనా, ప్రాణం సుఖపడుతుంది" అనేవాళ్ళు. బాగున్నవాళ్ళను మాతీ నవ్వుతూ పంపేవాడు. బాగాలేనివాళ్ళ పాదం ఒళ్ళో పెట్టుకుని, ఇంకా నవ్వుతూనే మందు వేసేవాడు. కాళ్ళు దక్కినవాళ్ళెవరూ యామ్నా దగ్గరికొచ్చి దక్కిందని చెప్పలేదు. పోయినవి కనబడతాయి గానీ దక్కినవి ఎవరికి కనబడతాయి? మాతీ వచ్చినప్పుడు కబ్బూర్‌తో మాత్రం చెప్పేవాడు. "ఈ వారం కూడా ఒకటి నిలబెట్టావు బాబాయ్." ఆ రోజు కబ్బూర్ మీసం దువ్వుకునేవాడు.

హద్దా మాత్రం రావడం మానేసింది. పాట బయటికొచ్చిన రోజు నుంచి వాళ్ళ గడప తొక్కలేదు. సందులో ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకి తిరిగేది.

చలి ముదిరిన ఒక మధ్యాహ్నం, కబ్బూర్ కునుకు తీస్తున్నప్పుడు, తలుపు చప్పుడైంది. హద్దా. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అందులో వేడి రొట్టెలు.

"ఎక్కువ చేశాను. పారెయ్యలేక తెచ్చా," అంది.

"రా వదినా, కూర్చో."

కూర్చుంది. సముద్రం పోటు గురించి మాట్లాడింది. పొరుగింటి మేక గురించి మాట్లాడింది. నూనె కల్తీ గురించి మాట్లాడింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అయినా లేవలేదు. చివరికి గొంతు బాగా తగ్గించి, గోడ చూస్తూ అంది:

"ఆ మగ నర్సుకి నేను చూపించను. నువ్వే చూడు."

యామ్నాకు ముందు అర్థం కాలేదు. హద్దా చెప్పు విడిచి, ఉన్ని మేజోడు లాగింది. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య తడిగా, నల్లగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?"

"ఏమో. నొప్పి లేదు." ఆ మాట అంటూనే హద్దా మొహం ముడుచుకుపోయింది. "నా ఒంట్లో కూడా చక్కెర ఉందే. తమ్ముడికంటే ముందు నుంచే ఉంది. ఎవరికీ చెప్పలేదు. రోజూ పక్కింటి ఆడవాళ్ళు ఆ పాడు పాట పాడుతుంటే చెవులు మూసుకునేదాన్ని. నిన్న ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకో చూసుకున్నా..."

యామ్నాకు అనడానికి చాలా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా దాచుకున్నవి. వాటిలో ఒక్కటీ నాలిక మీదికి రాలేదు. నేల మీద కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. తమ్ముడి పాదం లాంటిదే, పొడుగు వేళ్ళు.

"వేలు పోతే పోనీ, కాలు నిలుస్తుంది," అంది. "పద, ఇప్పుడే. మాతీ బయటికి వెళ్ళి నిలబడతాడు, అక్కడ ఆడ నర్సమ్మ కూడా ఉంది, ఆమె చూస్తుంది. నేను చెబుతా."

"నువ్వుంటావా?"

"నీ కొంగు పట్టుకునే కూర్చుంటా."

గాడిద బండి మాట్లాడి తీసుకెళ్ళింది. చిటికెన వేలు పోయింది. కాలు నిలిచింది. ఇంటికొచ్చిన హద్దాను చూడ్డానికి కబ్బూర్ కర్రల మీద సందు దాటి వెళ్ళాడు.  తర్వాత చక్కెర లేని టీ వచ్చింది. హద్దా ఒక గుక్క తాగి, "ఛీ, ఇది మేకలు తాగే కషాయం," అంది. "మేకలకి రెండు జతల కాళ్ళున్నాయి అక్కా, వాటిని ఏమనకు," అన్నాడు కబ్బూర్. గుమ్మంలో ఉన్న యామ్నాకు ఆ నవ్వులు వినిపించాయి.

మెరుగయ్యాక హద్దా గొంతు మళ్ళీ లేచింది, ఈసారి వేరే వరసలో. బావి దగ్గర, స్నానాల హమామ్‌లో, రొట్టెల పొయ్యి దగ్గర, "మా మరదలి పాట విన్నారా? మా తమ్ముడు వాయించాడు. మా ఇంటి పాట!" అని ఊదరగొట్టేది. విననివాళ్ళను కూర్చోబెట్టి వినిపించేది.

పెళ్ళిళ్ళకు మళ్ళీ పిలుపులొచ్చాయి. జంటగా వెళ్ళేవాళ్ళు. ఒకరి మోకాలి మీద ఇంకొకరు వాయించే వింత చూడ్డానికి మొదట్లో జనం ఎగబడ్డారు, పోనుపోనూ అలవాటైపోయింది. కబ్బూర్ కుడికాలికి ఒక్క బూటు వేసుకునేవాడు, రెట్టింపు మెరిపించి. ఆ పాదానికి ఒక్క గీటు కూడా పడకుండా యామ్నా కాపాడింది. ఆరేళ్ళ తర్వాత, వానలు పడే ఒక ఉదయం, నమాజుకు లేచి ముఖం కడుక్కుంటూ గుండె ఆగి పోయాడు.

యామ్నా తెల్లబట్టలు కట్టుకుంది. మైల తీరి బట్టలు మార్చాక కూడా పాడలేదు. రమ్మన్నవాళ్ళకు గొంతు బాగాలేదని చెప్పేది. హద్దా రోజూ వచ్చి కూర్చునేది. ఇద్దరూ పక్కపక్కన పళ్ళేల్లో కాళ్ళు పెట్టుకుని కడుక్కుని, తుడుచుకుని, ఒకరివి ఒకరు చూసుకునేవాళ్ళు. పాట లేకుండానే.

కుమ్మరుల గుట్ట మీద ఒక పెళ్ళికి హద్దా బలవంతాన లాక్కెళ్ళింది. పాడ్డానికి కాదు, ఊరికే భోజనానికి. యామ్నా వెనక వరుసలో, కొంగు దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ ఏవేవో పాడుతున్నారు. ఉన్నట్టుండి ఎవరో ఆ పాట ఎత్తుకున్నారు. ఆమె అక్కడ ఉందని ఎవరూ గమనించలేదు. పెళ్ళికూతురి నానమ్మ అందరికంటే గట్టిగా పాడుతోంది. యామ్నా తల దించుకుని వింది. రెండో చరణం వచ్చింది.

*వేడి వేడి నీళ్ళు తెచ్చా, ముసుగు తియ్యరా...*

"వేడి నీళ్ళు కాదే!"

ఫ్యాక్టరీ యంత్రాల మీదుగా ఎగిరే ఆ గొంతు ఒక్కసారి పైకి లేచింది. చప్పట్లు ఆగిపోయాయి. యామ్నా లేచి నిలబడి ఉంది.

"కాళ్ళు కాలిపోతాయే! గోరువెచ్చన, గోరువెచ్చని నీళ్ళు! మోచెయ్యి ముంచి చూడాలి. ఎవరే మీకు తప్పు నేర్పింది?"

అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇక కూర్చోవడం కుదరలేదు. ఆ చరణం సరిచెయ్యాలి కదా, పాడి చూపించింది. చరణం పాడాక పాట సగంలో వదిలెయ్యకూడదు కదా, చివరిదాకా పాడింది. దొంగ దగ్గర శ్రుతి దించింది. ఫిడేలు లేదు. ఆడవాళ్ళు నెమ్మదిగా, ఆమె ఊపిరిని బట్టి చప్పట్లు కొట్టారు. హద్దా కళ్ళు ఒత్తుకుంటూ పక్కనున్నవాళ్ళను మోచేత్తో పొడిచి, "మా మరదలు," అంది.

పాట అయ్యాక పెళ్ళికూతురి నానమ్మ వచ్చి యామ్నా చెయ్యి పట్టుకుంది.

"అల్లా నీ తల్లిదండ్రుల మీద దయ చూపాలి తల్లీ. మా ముసలాయన ఎంత చెప్పినా మేజోడు విప్పడు. రేపు నీ దగ్గరికి పంపనా?"

"నా దగ్గరికెందుకు, ఆరోగ్య కేంద్రానికి పంపు. మాతీ ఉంటాడు."

"వెళ్ళడే మహానుభావుడు."

"అయితే నువ్వే పాడు," అంది యామ్నా. "పాట నీకు వచ్చుగా, ఒక్క మాట తప్ప."